కురిసే ఇల్లు, వాయిదా పడ్డ సాయం

మా పెద్దమ్మ ఇంటి ముందు గదిలో పైకప్పు నిండా పెన్సిల్ గీతలు ఉండేవి. వాన వెలిశాక స్టూలెక్కి, చెమ్మ మరక ఎంతవరకు పాకిందో చూసి, దాని అంచు వెంబడి ఒక గీత గీసేది. పక్కన తేదీ రాసేది. మొదట్లో పళ్ళెమంత ఉన్న మరక ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఐదో ఏటికి మంచం వెనక గదిలోకి మారింది, ముందు గదిలో రెండు బకెట్లు మిగిలాయి.

తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళ ఇళ్ళకు ఉచితంగా ఇన్సులేషన్ (కప్పులోంచీ గోడల్లోంచీ వేడి, చలి దాటకుండా ఆపే పీచు పొర) వేసి, గాలి సందులు మూసి, కరెంటు బిల్లు తగ్గేలా చేసే పథకం ఒకటి ఉందని తెలిసి దరఖాస్తు నేనే పెట్టించాను. కొన్ని నెలలకు ఇల్లు చూడడానికి ఒకాయన వచ్చాడు. గుమ్మానికి గుడ్డ బిగించి, దానిలో పెద్ద ఫ్యాను పెట్టి, ఇంట్లో గాలిని బయటికి లాగే పరీక్ష చేశాడు. ఫ్యాను తిరుగుతుంటే ఇంట్లో ఉన్న ప్రతి సందులోంచీ బయటి గాలి లోపలికి దూసుకొస్తుంది. పెద్దమ్మని పిలిచి స్విచ్ బోర్డు దగ్గర చెయ్యి పెట్టమన్నాడు. పెట్టింది. "ఈ గోడలోంచి గాలి వస్తోందని నేను ఎన్నాళ్ళుగానో చెప్తుంటే ఎవరూ నమ్మలేదు" అంది నా వైపు చూసి. నేనూ నమ్మనివాళ్ళలో ఒకణ్ణి.

తర్వాత ముందు గదిలోకి వెళ్ళి టార్చి వేశాడు. గీతల పక్కన ఉన్న తేదీలు ఒక్కొక్కటే చదివాడు. ఫారం మీద "వాయిదా" అని రాశాడు.

"ముందు కప్పు బాగు చేయించుకోండమ్మా. తడిసే కప్పు కింద మేం ఇన్సులేషన్ వేయకూడదు. కప్పు రిపేరుకి మా పథకంలో డబ్బు లేదు."

"కప్పుకే డబ్బుంటే మిమ్మల్నెందుకు పిలుస్తాను బాబూ?"

"నిజమేనమ్మా" అన్నాడాయన.

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అంటారే, సరిగ్గా అదే. ఆ రోజు నుంచి ఇంటి మరమ్మతులకూ కరెంటు ఆదాకూ ప్రభుత్వాలు ఇచ్చే సాయాల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివిన కొద్దీ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఇలాంటి సాయాల్లో చాలావాటికి ఒకే లోపం ఉంది. బాగానే ఉన్న ఇంటిని ఇంకా బాగు చేసుకోవడానికి డబ్బిస్తారు, పాడైన ఇంటిని నిలబెట్టుకోవడానికి ఇవ్వరు. ఇచ్చినా, ముందు మన జేబులోంచి ఖర్చు పెడితేనే ఇస్తారు. ఈ రెండూ మారకపోతే సాయం అవసరమైన ఇళ్ళకు అది అందదు.

అయితే ఆ ఇన్‌స్పెక్టర్‌ది తప్పని నేను అనను. ఆయన చెప్పింది పూర్తిగా సరైన మాట. ఇన్సులేషన్ పని చేసేది దాని పీచుల మధ్య కదలకుండా నిలిచిపోయిన గాలి వల్ల. ఆ గాలి ఉన్న చోటికి నీళ్ళు చేరితే అంతే సంగతులు, ఎందుకంటే నిలకడగా ఉన్న గాలి కన్నా నీరు 20 రెట్లకు పైగా తేలిగ్గా వేడిని మోస్తుంది. పైగా తడిసిన ఇన్సులేషన్ ఆ నీటిని పట్టి ఉంచుతుంది, దాన్ని ఆనుకున్న చెక్క కుళ్ళుతుంది. చెమ్మ ఉన్న ఇంట్లో గాలి సందులన్నీ మూసేస్తే ఆ చెమ్మ బయటికి పోయే దారి కూడా ఉండదు. గోడలకు బూజు పడుతుంది, ఆ గాలే పీలుస్తూ ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇంకా ఇబ్బంది పడతారు. పాత వైరింగ్ అంతకన్నా ప్రమాదం. చుట్టూ గాలి ఆడుతుంది కాబట్టి చల్లగా ఉండే తీగల మీద ఇన్సులేషన్ కప్పితే వేడి బయటికి పోక మంటలు అంటుకోవచ్చు. కాబట్టి కప్పు, వైరింగ్, చెమ్మ సరిచేసిన తర్వాతే మిగతావన్నీ అనే వరుస సరైనదే. ఆ వరుసలో మొదటి మెట్టుకి డబ్బు పెట్టకుండా రెండో మెట్టుకి పెట్టడమే తప్పు.

ఈ చిక్కు మా పెద్దమ్మ ఒక్కదానిదే కాదు. అమెరికాలో పేదల ఇళ్ళకు ఉచితంగా ఇన్సులేషన్ వేసే పథకం 1976 నుంచీ ఉంది. 1973 చమురు సంక్షోభం తర్వాత పుట్టినది. దాని కింద ఇప్పటికి 70 లక్షలకు పైగా ఇళ్ళు బాగుపడ్డాయి. అంత పాత పథకంలోనూ కురిసే కప్పు, పాత వైరింగ్, బూజు ఉన్న ఇళ్ళను పక్కన పెట్టడం మామూలే. అలా పక్కన పెట్టిన ఇళ్ళను ముందు సిద్ధం చేయడానికంటూ కేంద్రం విడిగా నిధి కేటాయించడం 2022లో మొదలైంది, అదీ కోటిన్నర డాలర్లతో. దేశం మొత్తానికి అది ఏ మూలకూ చాలదు. 1976కీ 2022కీ మధ్య 46 ఏళ్ళు. ఈ 46 ఏళ్ళూ ఎన్ని ఇళ్ళ ఫారాల మీద ఆ "వాయిదా" అనే మాట పడిందో అని ఆలోచిస్తే నాకు బాధేస్తుంది.

అదే 2022లో పెన్సిల్వేనియా రాష్ట్రం ఒక మంచి పని చేసింది. సెనేటర్ నికిల్ సావల్ చొరవతో ఇంటి మొత్తం మరమ్మతుకు ఒక పథకం పెట్టింది. 12.5 కోట్ల డాలర్లు పెట్టి, ఆదాయ పరిమితి లోపు ఉన్న సొంతింటివాళ్ళకు 50,000 డాలర్ల దాకా గ్రాంటు. కప్పు, వైరింగ్, చెమ్మ, ఇన్సులేషన్, వీల్ చైర్ వెళ్ళేలా గుమ్మం వెడల్పు చేయడం, ఏదైనా సరే ఒకే దరఖాస్తు. ఇల్లు ఒకటే అయినప్పుడు దరఖాస్తూ ఒకటే ఉండాలన్న మామూలు తెలివి అందులో ఉంది. కానీ ఆ డబ్బు కోవిడ్ సాయం కింద ఒక్కసారి వచ్చినది. దరఖాస్తులు వెల్లువెత్తాయి, చాలా జిల్లాల్లో ఎదురుచూసేవాళ్ళ జాబితాలు పెరిగిపోయాయి. అవసరం ఎంత ఉందో తెలియడానికి వేరే సర్వే అక్కర్లేదు.

ఇక రెండో లోపం, ముందు ఖర్చు పెట్టమనడం.

పన్ను రాయితీ అనే మాట వినడానికి బాగుంటుంది. 2022లో వచ్చిన చట్టం ప్రకారం అమెరికాలో ఇన్సులేషన్, కిటికీలు, హీట్ పంప్ (కరెంటుతో ఇంటిని వెచ్చగానో చల్లగానో ఉంచే మెషీను) లాంటివి వేయించుకున్నవాళ్ళకు ఖర్చులో 30 శాతం, ఏడాదికి గరిష్ఠంగా 3,200 డాలర్ల వరకు పన్నులో తగ్గించేవారు. అది దక్కాలంటే ముందు మొత్తం బిల్లు కట్టగలగాలి. మరుసటి ఏడాది రిటర్నులు వేసేదాకా ఆగగలగాలి. అన్నిటికన్నా ముఖ్యం, తగ్గించుకోవడానికి సరిపడా పన్ను మనం కడుతూ ఉండాలి. పన్ను కట్టేంత ఆదాయమే లేని ముసలావిడకు పన్నులో తగ్గింపు ఇస్తామంటే ఆవిడ చేతికి వచ్చేది సున్నా.

ఇది నా ఊహ కాదు. సెవెరిన్ బోరెన్‌స్టైన్, లూకస్ డేవిస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006 నుంచి ఇలాంటి పన్ను రాయితీల కింద వెళ్ళిన 1,800 కోట్ల డాలర్లు ఎవరికి చేరాయో లెక్క కట్టారు. ఆదాయంలో పైన ఉన్న 20 శాతం కుటుంబాలకు ఆ డబ్బులో దాదాపు 60 శాతం చేరింది. కింద ఉన్న 60 శాతం కుటుంబాలు అన్నిటికీ కలిపి దక్కింది 10 శాతం. ఈ లెక్క మొదటిసారి చదివినప్పుడు మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాను, నేనే తిరగేసి అర్థం చేసుకున్నానేమో అని. ఆ రాయితీ కూడా 2025 డిసెంబరు 31తో ముగిసింది. దానికి ప్లాన్ వేసుకుని డబ్బు కూడబెట్టుకుంటున్న మధ్యతరగతివాళ్ళకు ఆ గడువు ఎంత టెన్షన్ పెట్టి ఉంటుందో ఊహించగలను.

అదే 2022 చట్టంలో ఇంకో దారి కూడా ఉంది, నాకు అదే నచ్చింది. బిల్లు కట్టే చోటే తగ్గించి ఇచ్చే రిబేటు. ప్రాంతపు సగటు స్థాయి ఆదాయంలో 80 శాతం కన్నా తక్కువ సంపాదించే కుటుంబానికి పరిమితి లోపల ఖర్చు మొత్తం ఇస్తుంది, ఇంటికి 14,000 డాలర్ల దాకా. అందులో హీట్ పంప్‌కి 8,000 అయితే, ఇంటికి కరెంటు వచ్చే మెయిన్ ప్యానెల్ మార్చడానికి 4,000, వైరింగ్‌కి 2,500 విడిగా పెట్టారు. కొత్త మెషీను పెట్టాలంటే పాత వైరింగ్ తట్టుకోదని తెలిసినవాళ్ళు రాసిన చట్టం అది. పేదవాళ్ళ జేబులోంచి ముందు పైసా తీయక్కర్లేదు. కాకపోతే దీన్ని రాష్ట్రాల చేతుల్లో పెట్టారు, చాలా చోట్ల మొదలవడానికే ఏళ్ళు పట్టింది.

ఫ్రాన్స్‌లో 2020లో మొదలైన పథకం కుటుంబాలను ఆదాయాన్ని బట్టి నాలుగు రంగులుగా విడదీసింది: నీలం, పసుపు, ఊదా, గులాబీ. నీలం అంటే అందరికన్నా తక్కువ ఆదాయం, అందరికన్నా ఎక్కువ సాయం. తక్కువ ఆదాయం వాళ్ళకు పని మొదలవక ముందే కొంత అడ్వాన్సు తీసుకునే వీలుంది. ఈ అడ్వాన్సు అనే ఒక్క మాట ఎంత తేడా తెస్తుందో కాంట్రాక్టర్‌తో ఒక్కసారి మాట్లాడినవాళ్ళకు తెలుస్తుంది. సామాను కొనడానికి సగం డబ్బు ఇస్తే గానీ ఏ మేస్త్రీ పనిలోకి దిగడు. ప్రభుత్వం తర్వాత ఇస్తుందని చెప్తే "మీకిస్తుంది, నాకు కాదు కదా" అంటాడు. ఆయన బాధా న్యాయమే.

ఇక్కడ చాలామంది ఒక అభ్యంతరం చెప్తారు. అడిగినవాళ్ళకల్లా ముందే డబ్బిస్తే మోసాలు జరగవా? జరుగుతాయి. జరిగాయి కూడా. దీన్ని దాటవేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

ఇటలీ సంగతే చూడండి. 2020లో అక్కడ ఇంటి మరమ్మతు ఖర్చులో 110 శాతం పన్ను రాయితీగా ఇస్తామన్నారు. నూటికి నూట పది. ఆ రాయితీని బ్యాంకుకో కాంట్రాక్టర్‌కో అమ్ముకునే వీలు కూడా ఇచ్చారు. ఇంటాయనకు బేరమాడాల్సిన అవసరమే లేకుండా పోయింది. ధర ఎంత చెప్పినా ఆయన జేబుకి చిల్లు పడదు, కాంట్రాక్టర్ ఎంత పెంచితే అంత లాభం. పని జరగని ఇళ్ళ పేరుతో కూడా రాయితీలు చేతులు మారాయి. ఖజానాకు 10,000 కోట్ల యూరోలకు పైగా భారం పడ్డాక, 2023లో ఆ అమ్మకాలకు అడ్డుకట్ట వేశారు.

ఆస్ట్రేలియాలో జరిగింది ఇంకా ఘోరం. ఆర్థిక మాంద్యం నుంచి బయటపడడానికి 2009 ఫిబ్రవరిలో ఇళ్ళ పైకప్పులకు ఇన్సులేషన్ పథకం ప్రకటించారు. పది లక్షలకు పైగా ఇళ్ళల్లో ఏడాది లోపే పని జరిగింది. ఏ శిక్షణా లేని కుర్రాళ్ళను అటకల మీదికి ఎక్కించారు. నలుగురు చనిపోయారు, ముగ్గురు కరెంటు షాక్‌తో, ఒకరు అటక మీది వేడికి. 2010 ఫిబ్రవరిలో పథకం ఆపేశారు, 2014లో దీని మీద రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం నివేదిక వచ్చింది. సాయం పేరుతో కుర్రాళ్ళ ప్రాణాలు పోయిన ఆ కథ ఇలాంటి పథకం రాసే ప్రతి అధికారీ చదవాలి.

బ్రిటన్‌లో తాజాగా ఇంకోటి. కొత్త పథకాల కింద బయటి గోడలకు వేసిన ఇన్సులేషన్‌లో 98 శాతం ఇళ్ళల్లో సరిచేయాల్సిన లోపాలున్నాయని 2025లో జాతీయ ఆడిట్ సంస్థ తేల్చింది. ఇరవై వేలకు పైగా ఇళ్ళు అవి. వదిలేస్తే చెమ్మ, బూజు. ఏ జబ్బు తగ్గించడానికి మందు వేశారో ఆ జబ్బే వచ్చింది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది పేదలకు ముందే డబ్బివ్వడం వల్ల వచ్చిన అనర్థం కాదు. ఇటలీలో ఆదాయ పరిమితి లేకుండా అందరికీ పంచారు, ధరకు పగ్గం వేయలేదు. ఆస్ట్రేలియాలో పరుగు పెట్టించారు. బ్రిటన్‌లో పని చేసినవాడి పనిని సరిగ్గా తనిఖీ చేయలేదు. ఇల్లు పాడైన ముసలావిడ ఈ మూడు తప్పుల్లో ఏదీ చేయలేదు. అయినా ప్రతి కుంభకోణం తర్వాత కొత్త కాగితాలు అడిగేది ఆవిడనే. ఫ్రాన్స్‌లో కూడా మోసాలు, పేరుకుపోయిన ఫైళ్ళ కారణంగా 2025 వేసవిలో ఇంటి మొత్తం పనికి సంబంధించిన కొత్త దరఖాస్తులను కొంతకాలం ఆపేశారు. గట్టిగా ఉండాల్సింది పని పూర్తయ్యాక చేసే తనిఖీ. కాంట్రాక్టర్‌కి ఆఖరి వాయిదా డబ్బు తనిఖీ తర్వాతే ఇవ్వండి. దరఖాస్తు దగ్గర కాపలా పెంచితే నష్టపోయేది సాయం అవసరమైనవాళ్ళే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఈ పనులకు పెట్టిన డబ్బు కరెంటు, గ్యాసు ఆదాలో తిరిగి రాదంటారు. ఇదీ నిజమే. మీరెడిత్ ఫౌలీ, మైకేల్ గ్రీన్‌స్టోన్, కేథరిన్ వోల్ఫ్రమ్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో దాదాపు 30,000 కుటుంబాల మీద చేసిన అధ్యయనంలో, పెట్టిన ఖర్చు వచ్చిన ఆదాకు సుమారు రెట్టింపు అని తేలింది. ఇంజనీర్లు ముందుగా వేసిన అంచనాలైతే అసలు ఆదా కన్నా మూడు రెట్లు ఎక్కువగా ఉన్నాయి. "ఇన్నేళ్ళలో మీ డబ్బు మీకు వచ్చేస్తుంది" అని సేల్స్‌మన్ చూపించే కాగితాన్ని నేను ఇప్పుడు చాలా అనుమానంగా చూస్తాను. మీరూ చూడండి.

కానీ ఇంటిని ఒక్క కరెంటు బిల్లుతోనే కొలిస్తే ఎలా? న్యూజిలాండ్‌లో 1,350 పాత ఇళ్ళకు ఇన్సులేషన్ వేసి, ఏమైందో చూశారు. ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ళు కనీసం ఒక్కరైనా ఉన్న ఇళ్ళే అవన్నీ. 2007లో ఫలితాలు వచ్చాయి. పిల్లికూతలు తగ్గాయి, పిల్లలు బడి మానేసిన రోజులు తగ్గాయి, పెద్దవాళ్ళు పని మానేసిన రోజులూ తగ్గాయి. 2009లో అక్కడ దేశమంతా పథకం పెట్టారు. దాని లాభనష్టాలు లెక్క కడితే పెట్టిన ఒక్కో డాలరుకు దాదాపు నాలుగు డాలర్ల మేలు జరిగిందని తేలింది, ఆ మేలులో అత్యధిక భాగం ఆరోగ్యానిదే. మిషిగన్ లెక్కలో నష్టంగా కనబడిన పని ఇక్కడ లాభంగా కనబడడానికి కారణం, కొలిచింది వేరు కావడం. అందుకే ఈ సాయాన్ని కరెంటు శాఖ పద్దులోంచి తీసి ఆరోగ్యం, నివాసం పద్దులతో కలపాలంటాను. కప్పు కురవకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది అప్పుడు.

అప్పుల గురించి ఎక్కువ చెప్పను. స్థిరమైన ఆదాయం ఉన్నవాళ్ళకు తక్కువ వడ్డీ అప్పు మంచిదే. కానీ సాయానికి బదులుగా అప్పు పెడితే ఏమవుతుందో బ్రిటన్‌లో 2013లో మొదలైన గ్రీన్ డీల్ చూపించింది. 2015లో ఆపేసే నాటికి ఆ అప్పు తీసుకున్నవి సుమారు 14,000 ఇళ్ళు, అంతే. కాలిఫోర్నియాలో అప్పును ఇంటి పన్నుకి ముడిపెట్టారు. గుమ్మం ముందు నిలబడి సంతకం పెట్టించుకునే సేల్స్‌మన్లను నమ్మి, తర్వాత పెరిగిన పన్ను కట్టలేక ఇల్లు పోయే పరిస్థితి తెచ్చుకున్న వృద్ధులున్నారు. ఇంటికి ముడిపడ్డ ఏ అప్పు కాగితం మీదైనా ఆ రోజే సంతకం పెట్టకండి. ఇంటికి తీసుకెళ్ళి, ఇంకొకరితో చదివించుకోండి.

డబ్బు కాకుండా ఇంకొకటి కావాలి, అది మనిషి. మిషిగన్ పరిశోధకులే ఇంకో సంగతి బయటపెట్టారు. సుమారు 5,000 డాలర్ల విలువైన పని ఉచితంగా చేస్తామన్నా, మామూలుగా దరఖాస్తు పెట్టేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. ఇళ్ళకు వెళ్ళి, పదే పదే ఫోన్లు చేసి, కాగితాలు నింపడంలో సాయం చేసినా నూటికి ఆరుగురి దగ్గర ఆగింది. దీన్ని చూసి "జనానికి అక్కర్లేదు" అనుకుంటే పొరపాటు. మా పెద్దమ్మ ఫైలు నేను మోశాను కాబట్టి నాకు తెలుసు. ఆదాయ ధ్రువపత్రం, ఇంటి హక్కు కాగితం, పన్నెండు నెలల కరెంటు బిల్లులు, మూడు కొటేషన్లు. ఇంటి కాగితం చనిపోయిన పెదనాన్న పేరు మీద ఉంది. అది మార్చడానికే నాలుగు నెలలు. కొటేషన్ గడువు ఈలోగా అయిపోయింది, మళ్ళీ తెచ్చాం, రేటు పెరిగింది. ఒక్క మనిషి మొదటి నుంచి చివరి దాకా ఆ ఫైలు పట్టుకుని ఉంటే చాలు, ఇందులో సగం జరిగేది కాదు. పథకం డబ్బులో కొంత భాగం ఆ మనిషి జీతానికి పెట్టడం వృథా ఖర్చు కానే కాదు.

పథకం కొంతకాలం నిలకడగా ఉండడం కూడా అంతే అవసరం. బ్రిటన్‌లో 2020 సెప్టెంబరు చివర ఆరు లక్షల ఇళ్ళు బాగు చేస్తామని మొదలుపెట్టిన వోచర్ల పథకాన్ని 2021 మార్చి చివరికి మూసేశారు. ఆరు నెలలు. బాగుపడతాయని తేలినవి దాదాపు 47,500 ఇళ్ళు. ఆరు నెలల పథకం కోసం ఏ మేస్త్రీ కొత్త పనివాళ్ళకు శిక్షణ ఇస్తాడు? పదేళ్ళు ఉంటుందని తెలిస్తే తక్కువ డబ్బుతోనైనా నాణ్యమైన పనివాళ్ళు తయారవుతారు.

అద్దె ఇళ్ళ సంగతి విడిగా రాయాల్సినంత ఉంది. బిల్లు కట్టేది ఒకరు, ఇల్లు ఇంకొకరిది. ఓనరు డబ్బు పెట్టడు, అద్దెకున్నవాళ్ళు పెట్టలేరు. ఓనరుకి సాయమిస్తే, కొన్నేళ్ళు అద్దె పెంచకూడదన్న షరతు కాగితం మీద ఉండాలి.

పెద్దమ్మ ఇంటి కప్పు చివరికి మేం ముగ్గురం తలా కొంత వేసుకుని బాగు చేయించాం. మేం ముగ్గురం ఉన్నాం, అలా లేనివాళ్ళే ఎక్కువ. మొదటి తనిఖీ నుంచి కప్పు పని పూర్తయ్యేదాకా పద్నాలుగు నెలలు పట్టింది. మళ్ళీ దరఖాస్తు పెట్టాం. పోయిన నెల అదే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ముందు గదిలోకి వెళ్ళి టార్చి వేసి, చివరి గీత పక్కన ఉన్న తేదీ చదివి, "తర్వాత వానలు పడలేదామ్మా?" అని అడిగాడు. పడ్డాయంది పెద్దమ్మ. ఫారం మీద ఈసారి "అర్హత ఉంది" అని రాసి, ఈ ఏటి నిధులు అయిపోయాయని, పేరు జాబితాలో ఉంటుందని చెప్పాడు.

మంచం మళ్ళీ ముందు గదిలోకి వచ్చింది. ఇన్సులేషన్ వేసే తేదీ మాత్రం ఇంకా రాలేదు. స్విచ్ బోర్డు దగ్గర గాలి అలాగే వస్తోంది.